ఆదెమ్మ ఇచ్చిన రూపు

మ్యూజియంలో పనిచేశానంటే ఎదుటివాళ్ళు "రాళ్ళా, నాణేలా?" అని అడుగుతారు. నగలండీ అంటే వెంటనే వాళ్ళ చూపు నా మెడ మీదకి పోతుంది. అక్కడ పుస్తెలతాడు, నల్లపూసలు తప్ప ఏమీ ఉండవు. పాపం, నిరాశపడతారు.

నేను చూసినవి రాజుల నగలు కావు. జగ్గయ్యపేట, నందిగామ చుట్టుపట్ల పొలం పని చేసుకునే ఆడవాళ్ళు ఒంటిమీద పెట్టుకు తిరిగినవి. కాళ్ళకి వెండి కడియాలు, మోచేతి పైన దండకడియాలు, మెడకి కంటెలు, పసిపిల్లల మొలతాడుకి వేలాడే సిగ్గుబిళ్ళలు. నందిగామ బస్టాండుకి దగ్గరలో ఒక పాత మేడలో ఉండేది మా మ్యూజియం. దాని పేరు చెప్పను. పేరు పెట్టి చెప్పుకోదగ్గ మంచి అది చేసిందని నాకిప్పుడు నమ్మకం లేదు.

ఈ మధ్య ఒక అమ్మాయి ఫోన్ చేసింది. మా ఉద్యోగంలోనే కొత్తగా చేరిందట. "మేడమ్, మీ అనుభవాలు రాసిస్తే మాకు పనికొస్తాయి" అంది. పనికొస్తాయో లేదో తెలియదు. ప్రమోషన్లు ఎలా తెచ్చుకోవాలో, పై ఆఫీసుకి ఏం రాయాలో చెప్పేవాళ్ళు మీకు చాలామంది దొరుకుతారు. నేను రెండు మూడు సంగతులే చెబుతాను. చదివి ఉత్సాహం చచ్చిపోతే నన్ను తిట్టుకోండి.

కొలిమికి ముందు

మా పని నిజానికి కొలిమితో పరుగు పందెం. జగ్గయ్యపేటలో ఒక ఆచారిగారు ఉండేవారు, పాత కంసాలి కొట్టు. పాత వెండి కరిగించడానికి వస్తే నాకు కబురు చేసేవారు. "మేడమ్‌గారూ, కడియాలొచ్చినయ్యండి. రేపు పొద్దున కరిగిస్తన్నా. చూసుకుంటే ఈలోపే వచ్చి చూసుకోండి." నేను చేతిలో పని వదిలేసి హైవే బస్సెక్కేదాన్ని. చిల్లకల్లు దాటేదాకా కూర్చోవడానికి చోటు దొరికేది కాదు. చాలాసార్లు నేను వెళ్ళేసరికి మూసలో వెండి ముద్ద ఎర్రగా కనిపించేది. "ఆళ్ళు తొందరపడ్డారండి, నన్నేం చెయ్యమంటారు" అనేవారు ఆచారిగారు. ఆయన్ని ఏమీ అనలేం. అది ఆయన బతుకుతెరువు.

ఒకసారి వెళ్ళేసరికి కొట్టు అరుగు మీద ఒకామె కాళ్ళు చాపుకుని కూర్చుంది. ఆమె కాళ్ళ కడియాలు చిన్నప్పుడు తొడిగినవి. కాలు పెరిగింది, కడియం పెరగలేదు, ఇక ఊడిరాదు. ఆచారిగారు కడియానికీ కాలికీ మధ్య గుడ్డ దూర్చి రంపంతో కోశారు. రెండూ తీసేశాక ఆమె తన చీలమండల వైపు చాలాసేపు చూసుకుంది. కడియం ఉన్నచోట చర్మం పాలిపోయి, మెత్తగా, పసిపిల్ల కాలిలా ఉంది.

"ఇదేందమ్మా, ఇయి నా కాళ్ళలాగా లేవు" అని నవ్వింది. తర్వాత లేచి నడవబోయి తూలింది. బరువు ఉందనుకుని కాలు ఎత్తేసరికి కాలు మరీ పైకి లేచింది. రోడ్డు మీద కనపడని గడపలు దాటుతున్నట్టు అడుగులు వేసుకుంటూ వెళ్ళిపోయింది.

ఆ కడియాలు మేము తీసుకున్నాం. అద్దాల బీరువాలో పెట్టాం. చూసినవాళ్ళందరూ "విరిగిపోయినవి పెట్టారేంటి?" అని అడిగేవారు. ఆ అడుగులు బీరువాలో పెట్టే ఉపాయం నాకు తెలియలేదు. ఈ ఉద్యోగంలో ఎవరికీ తెలియదు.

మరి ఆమె కడియాలు తీసేయకుండా ఉండవలసిందా? అలా అనడానికి నాకు నోరు రాదు. "ఇయి మోస్తా మిరపకాయలు ఎట్టా కొయ్యాలమ్మా?" అని వీరులపాడులో ఒకామె నన్ను నిలదీసింది. వెనకటి నగలు ఎంత అందమో అని మురిసిపోయేవాళ్ళు ఒక్క రోజు వాటిని తొడుక్కుని పత్తి చేలో నిలబడితే తెలుస్తుంది. వదిలించుకున్నవాళ్ళది తప్పు కాదు. ఎవరి తప్పూ లేకుండానే అన్నీ పోయాయి, అదే నా ఏడుపు.

పెరిగింది

మా పెద్దసారు గురించి చెప్పాలి. చెడ్డవాడు కాదు. ఆయన రాకముందు వానొస్తే బీరువాల మీద బకెట్లు పెట్టేవాళ్ళం. ఆయన వచ్చి పైకప్పు బాగు చేయించాడు, దీపాలు వేయించాడు. నగల మీద ఇంగ్లీషు పుస్తకాలు చాలా చదివాడు. పట్నంలో పుట్టి పెరిగిన మనిషి, తెలుగువాడే. కాకపోతే నగలు పెట్టుకునేవాళ్ళ తెలుగు ఆయనకి రాదు.

ఒకరోజు కంచికచర్ల నుంచి ఒక పెద్దావిడ పాత పుస్తెలతాడు తెచ్చి ఇచ్చింది. "పెరిగిందండి, అందుకని కొత్తది మార్చుకున్నా" అంది. సారు శ్రద్ధగా విన్నాడు. వారం తర్వాత బీరువాలో చూస్తే దాని ముందు కార్డు మీద "వాడుకలో పొడవు పెంచబడినది" అని ఉంది. భూతద్దం పెట్టి అతుకు ఎక్కడుందో కూడా వెతికాడట.

మన వైపు పుస్తెలతాడు తెగిందని నోటితో ఎవరైనా అంటారా? పెరిగిందంటారు. గాజు పగిలినా పెరిగిందనే అంటారు. దీపం ఆరిందనరు, కొండెక్కిందంటారు. ఆ మాట ఆయనకి చెబితే, "అయితే డైరెక్ట్‌గా తెగిందని చెప్పొచ్చు కదా మేడమ్" అన్నాడు. నేను నవ్వేశాను. నాతోపాటు ఆఫీసంతా నవ్వింది. అది నవ్వి ఊరుకునే సంగతి కాదని అప్పుడు నాకు తట్టలేదు.

ఆదెమ్మ

మొదటి భార్య పసుపు కుంకుమలతో పోతే ఆమెని పేరంటాలు అంటారు. ఆ ఇంటికి రెండో భార్యగా వచ్చే పిల్లకి కొన్ని కుటుంబాల్లో పుస్తె కట్టేముందే పేరంటాలి రూపు కట్టేవారు. రూపంటే వెండి రేకు మీద ఆడమనిషి ముఖం అచ్చుకొట్టిన బిళ్ళ. ఇక ఆ ఇంట్లో కొత్త చీర కట్టాలంటే ముందు రూపుకి చూపించాలి. పండగ వంటలో ముందు కాస్త ఆమె పేరు చెప్పి తీసిపెట్టాలి. లేకపోతే పోయినామె అలుగుతుందని భయం.

ఆదెమ్మది చిల్లకల్లు దగ్గర పల్లె. నేను ఆవిడని ఆచారిగారి కొట్టులోనే చూశాను. అప్పటికి భర్త పోయి ఏడాది కాలేదు. లోపల ఆవిడ కొడుకు పాత వెండి తూకం వేయిస్తున్నాడు. ఆవిడ అరుగు మీద, పిడికిలి బిగించుకుని కూర్చుంది. ఏముందని అడిగితే అనుమానంగా చూసి, నేను ఆడదాన్నే కదా అని కాబోలు, పిడికిలి విప్పింది.

"మా అక్క" అంది.

ముఖం బాగా అరిగిపోయింది. ముక్కు చదునైపోయింది. కళ్ళు, నోరు మాత్రం నల్లటి సన్నగీతల్లా నిలిచి ఉన్నాయి. ఏళ్ళ తరబడి పెట్టిన పసుపూ ఒంటి చెమటా ఆ గీతల్లో దిగి గట్టిపడబట్టి ఆ మాత్రం కనపడుతోంది.

"పెళ్ళినాడు ఇది కడితే చచ్చేంత భయమేసిందమ్మా. చచ్చిపోయినామె మొహం గుండెల మీద పెట్టుకుని ఎట్టా పడుకునేదని ఒకటే ఏడుపు. తర్వాత తర్వాత అన్నీ ఆమెకే చెప్పుకున్నా. అత్త తిట్టినా ఆమెకే, ఆయన కొట్టినా ఆమెకే. ఆమెకి తెలియని మడుసులా ఆళ్ళు?"

"ఆవిడ ఫోటో ఏమైనా ఉందా?"

"ఫోటోలు ఎక్కడియ్యి? ఇదే ఆమె."

భర్త పోయాక రూపుని మెడలో ఉంచుకోకూడదన్నారు. ముత్తయిదువగా పోయినామె, పసుపు కుంకాలు లేనిదాని మెడలో ఉండకూడదట. కొడుకేమో కూతురికి పట్టీలు చేయిస్తున్నాడు, కాస్త వెండి తక్కువైంది. "మావోడు చెడ్డోడేం కాదమ్మా. ఇది కూడా ఏస్తే సరిపోద్దన్నాడు. అక్కని తీసకపోయి కాళ్ళకి కడతానంటే నేనెట్టా ఊరుకోను? రేపు నేను పోయినాక, నన్ను ఎక్కడ పెట్టొచ్చావే అని అడగదా?"

మ్యూజియం అంటే ఏమిటో చెప్పాను. ఆవిడకి కావలసింది వేరే.

"మీ కాడ కరిగించరుగా?"

"కరిగించం."

"ఎవురూ ముట్టుకోరుగా?"

"ముట్టుకోరు."

"మాటేనా?"

"మాటే" అన్నాను. కొడుకుని పిలిచి నచ్చజెప్పాను, పట్టీలకి తక్కువైన వెండి మేమే ఇచ్చాం. ఆదెమ్మ మాత్రం ఒక షరతు పెట్టింది. ఏటా శ్రావణ శుక్రవారం వస్తుంది, అక్కకి బొట్టు పెట్టాలి. బొట్టు తను పెట్టకూడదు, నేను పెట్టాలి.

అలా ప్రతి శ్రావణంలోనూ ఆదెమ్మ వచ్చేది. చీర చెంగున పసుపు కుంకుమ పొట్లాలు, రెండు అరటిపళ్ళు. నగకి కుంకుమ తగలకూడదని మా రూలు కనక, బీరువా అద్దం మీద సరిగ్గా రూపు ముఖానికి ఎదురుగా నేను బొట్టు పెట్టేదాన్ని. ఆవిడ ఒక కన్ను మూసి, అద్దం మీది బొట్టు అక్క నుదుటికి సరిపోయిందో లేదో చూసేది. "కాస్త కిందకమ్మా. అదీ." తర్వాత అక్కడే నేల మీద కూర్చుని ఏడాది కబుర్లన్నీ ఆమెకి వినిపించేది. మనవరాలు ఇంటర్ పాసవడం, మిరపకి తెగులు రావడం, కోడలు మాట్లాడకపోవడం. మా మ్యూజియంలో ఒక నగ బతికి ఉందని నాకు అనిపించింది ఆ ఒక్క పూటే.

మెరుపు

పై నుంచి ఒక పెద్ద అధికారి చూడ్డానికి వస్తున్నాడన్నారు. నేను ఊళ్ళ మీద తిరిగి వచ్చేసరికి బీరువాల్లో వెండంతా తెల్లగా ధగధగమంటోంది. సారు విజయవాడ నుంచి వెండి పాలిష్ పట్టేవాళ్ళని పిలిపించాడు. ముందు మందునీళ్ళలో ముంచారు, తర్వాత మిషన్ మీద పెట్టి రుద్దారు.

నేను తిన్నగా రూపు దగ్గరికి వెళ్ళాను. అక్కడ ఒక గుండ్రటి వెండి బిళ్ళ ఉంది. కళ్ళు లేవు, నోరు లేదు. ఆ ముఖాన్ని పట్టి ఉంచిందే ఆ మురికి. అది కడిగేశాక మిషన్ మిగతాది నున్నగా చేసేసింది.

"రూపు మాసిపోయింది సార్" అన్నాను.

"మాసిపోవడమేంటి మేడమ్? అద్దంలా మెరుస్తుంటే!"

ఈసారి నాకు నవ్వు రాలేదు. గట్టిగా అరిచాను. అరిచినంత మాత్రాన ఏమవుతుంది? విషయం అర్థమయ్యాక ఆయన ముఖం వాడిపోయింది, అది నిజం. మర్నాడు ఒక ఉపాయంతో వచ్చాడు. అదే అచ్చు మీద కొట్టిన రూపు ఇంకొకటి మా స్టోరులో ఉంది. ఎవరి ఇంటిదో తెలియదు, పాత వెండి మూటలో వచ్చింది. పెద్దగా వాడకం లేనిది కనక ముఖం స్పష్టంగా ఉంది. "ఒకటే అచ్చు కదా మేడమ్, ఒకటే ముఖం. ఇది పెడదాం. ఆవిడ బాధపడకుండా ఉంటుంది" అన్నాడు. నేను వద్దన్నాను. మార్చి పెట్టేశాడు. నేను మళ్ళీ తీసేయలేదు. బీరువా ఖాళీగా ఉంటే శ్రావణానికి ఆవిడకి ఏం చూపించాలో నాకూ తెలియలేదు.

చివరి శుక్రవారం

ఆ శుక్రవారం తర్వాత జరిగినవి ముందే చెప్పేస్తాను, అవి తక్కువే. ఆదెమ్మ మరి రాలేదు. రెండేళ్ళకి ఆవిడ పోయిందని కొడుకు చెప్పాడు. ఆచారిగారు కొట్టు మూసేశారు. సారుకి బదిలీ అయింది, నేను రిటైరయ్యాను. ఇప్పుడు మ్యూజియంకి వచ్చే కొద్దిమందీ ఫోన్లో ఫోటోలు తీసుకుని, ఆ డిజైన్లు వన్ గ్రామ్ గోల్డులో చేయించుకుంటున్నారు. కంచికచర్ల షాపుల్లో అద్దాల వెనక వేలాడుతుంటాయి, కొత్తవే పాతగా కనపడేట్టు నల్లరంగు పూసి. మనం ఉన్న నలుపు గీకేశాం, వాళ్ళు లేని నలుపు పూస్తున్నారు. చేరబోయేవాళ్ళకి నేనిచ్చే సలహా ఏదైనా ఉంటే ఒకటే. నల్లబడిన వెండి చూసి చేతులు దురద పెడితే, చేతులు కట్టుకుని కూర్చోండి. దాంతో నగలు బతుకుతాయని మాత్రం అనుకోవద్దు. కాస్త నెమ్మదిగా చస్తాయి.

ఆ శుక్రవారం ఆదెమ్మ ఎప్పటిలాగే పదింటి బస్సుకి వచ్చింది. బీరువా ముందు నిలబడి, కళ్ళు చికిలించి చూసి, నోరు తెరిచింది.

"అమ్మా! మా అక్కకి కళొచ్చిందే! పెళ్ళినాడు ఇట్టాగే ఉండేది. ఈ ముక్కు చూడు, ఈ ముక్కుపుడక! నా చేతుల్లో అరిగిపోయిందనుకున్నానమ్మా. ఏం చేశారు? ఎవరు చేశారు?"

ఆ ముసలి ముఖంలో అంత సంతోషం నేను అంతకుముందు చూడలేదు. అప్పుడే సారు అటుగా వచ్చాడు. నేను ఏదో అనేలోపే ఆదెమ్మ వంగి ఆయనకి రెండు చేతులా దణ్ణం పెట్టింది. "మీరేనా బాబూ? మా అక్క మొహం మళ్ళీ తెచ్చిచ్చారు. మీ కడుపు సల్లగుండ!"

ఆయన చేతులు జోడించాడు. పాపం, నవ్వాడు కూడా.

నేను నిజం మీద ప్రేమతో చెప్పానని ఎవరూ అనుకోవద్దు. ఆ దణ్ణం ఆయన అందుకోవడం చూడలేకపోయాను, అంతే. "ఆదెమ్మా, ఇది మీ అక్క కాదు" అన్నాను. అన్నీ చెప్పాను. మిషన్ సంగతి, అచ్చు సంగతి, ఇది ఇంకెవరింటి పేరంటాలో అన్న సంగతి. సారు తల దించుకుని వెళ్ళిపోయాడు.

ఆదెమ్మ ఏడవలేదు, తిట్టలేదు. చెంగున ఉన్న పొట్లం విప్పబోతూ ఆగింది.

"చెప్పకపోతే పోయేదిగా అమ్మా" అంది. "ఆమే అనుకుని పోయేదాన్నిగా."

చెప్పకుండా ఉంటే మోసం, చెప్పడం హత్య. మీరు ఏ పుస్తకంలో వెతికినా ఆ పూట నేను ఏం చేయాల్సిందో రాసి ఉండదు.

"మరి మా అక్కేది?" అని అడిగింది.

లోపలికి వెళ్ళి ఆ బిళ్ళ తెచ్చి ఆవిడ అరచేతిలో పెట్టాను. రూలు నాకు గుర్తు రాలేదు. ఆవిడ దాన్ని కిటికీ వెలుగుకి అటూ ఇటూ తిప్పింది. బొటనవేలు తనంతట తానే పాతచోటికి పోయి, ముక్కు ఉండే చోట తడిమింది. జారిపోయింది.

"ఇందులో నేనే కనపడతన్నాగా" అంది.

కాసేపటికి కింద కూర్చుని, పొట్లాలు విప్పి, అద్దం వైపు చూపించింది. "ఆమెకి పెట్టమ్మా బొట్టు. ఎవరింటి ఆడకూతురో. ఆమె కోసం ఎవురూ రావట్లేదుగా."

పెట్టాను. ఈసారి ఆవిడ కన్ను మూసి సరిచూడలేదు. నేను మళ్ళీ కుంకుమలో వేలు ముంచి, ఆవిడ చేతిలో ఉన్న బిళ్ళ మీదకి వంగాను. అద్దం లేదు, అడ్డు లేదు, మొదటిసారి నేరుగా పెట్టబోయాను.

ఆదెమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది.

"మొహం లేనిదానికి బొట్టు ఏడ పెడతావమ్మా?"

బిళ్ళ నా ఒళ్ళో పెట్టి, అరటిపళ్ళు బీరువా కింద ఉంచి, చెప్పులేసుకుని బస్టాండు వైపు వెళ్ళిపోయింది. నా వేలికి కుంకుమ అలాగే ఉంది.